మంత్రిగారి చేతుల మీదుగా చైనా

నా భార్య పాస్‌పోర్టు సీతారామరావుగారు తిరిగి ఇవ్వలేదు. ఇవ్వరు. ఇందులో వాదించడానికేమీ లేదు.

చిలకమ్మ పోయి మూడేళ్ళయింది. పోయిన మనిషి పాస్‌పోర్టు నీకెందుకయ్యా అని కొందరు అడిగారు. వాళ్ళతో నేను మాట్లాడటం మానేశాను.

సీతారామరావుగారు పార్టీ జిల్లా ఉపాధ్యక్షులు. అలాంటి ఉపాధ్యక్షులు జిల్లాలో ఇరవై ముగ్గురున్నారు గాని, ఆ సంగతి కారు వెనక అద్దం నిండా రాయించుకున్నది ఆయనొక్కరే. ఆయన దేశభక్తి గురించి వేరే చెప్పక్కర్లేదు. కొన్నేళ్ళ కిందట అగ్రికో మైదానంలో చైనా సరుకులు కుప్పపోసి తగలబెట్టారు. మంట అంటించిన లైటరు అడుగున ఏ దేశం పేరుందో ఒక విలేకరి చూపిస్తే, వెంటనే దాన్ని కూడా మంటలో పడేశారు. మంట అంటుకున్నాకే పడేశారు. అంతటి ముందుచూపు.

ఈ ఏడు ఒకరోజు పొద్దున్నే మా కాలనీ బాగ్‌బేరాలో మైకు కట్టిన ఆటో తిరిగింది.

"చైనాకే పాఠం చెప్పబోతున్న జంషెడ్‌పూర్ ఆడబిడ్డ త్రివేణి! ఈ చారిత్రక ఘట్టానికి మూలపురుషుడు మన సీతారామరావు!"

త్రివేణి నా తమ్ముడు పైడిబాబు కూతురు. బీ.ఎడ్. చదువుతోంది. ఆ చదువులో కొన్నాళ్ళు నిజమైన బడిలో నిజమైన పిల్లలకు పాఠం చెప్పి చూపించాలి. వాళ్ళ కాలేజీకి చైనాలో గ్వాంగ్‌జౌ దగ్గర ఒక బడితో ఒప్పందం ఉంది. పరీక్ష పెట్టి ఒక్కరిని ఎంచారు. పద్నాలుగో తేదీ కలకత్తాలో విమానం. పదహారున బడిలో హాజరు కాకపోతే ఆ చోటు ఇంకో కాలేజీకి పోతుంది. ఇందులో మూలపురుషుడు చేసిందేమిటని నేను అడగలేదు. ఆటో అప్పటికే రెండో చుట్టు తిరుగుతోంది.

ఆ మధ్యాహ్నమే ఆయన ఐదుగురు అనుచరులతో పైడిబాబు ఇంటికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను.

"పాస్‌పోర్టేదమ్మా?"

"వచ్చేసింది అంకుల్. పోస్ట్‌మన్ ఇచ్చాడు."

సీతారామరావుగారి ముఖం మాడింది.

"పోస్ట్‌మనిత్తే ఇచ్చినట్టేటి? ఫొటో ఏదీ? శాలువా ఏదీ? అది నాకిచ్చీ. పదో తారీకున మీటింగెడతన్నాం. నా చేతుల మీదుగా నీకిత్తాను. అప్పుడు వచ్చినట్టు లెక్క."

"అంకుల్, వీసా భీ లగ్ గయా హై. ముద్ర కూడా పడిపోయింది."

"లగ్‌నే దో. స్టేజి మీద ఇంకోపాలి లగాయిద్దాం."

మా వైపు ఏ వస్తువైనా ఎవరో ఒకరి చేతుల మీదుగా రావాలి. మా వీధి కుళాయి వచ్చి, మేం ఏడాదిపాటు నీళ్ళు తాగాక, దాన్ని మూడు రోజులు కట్టేసి, రిబ్బను కట్టి, సీతారామరావుగారి చేతుల మీదుగా మళ్ళీ తిప్పించారు. ఆ మూడు రోజులూ దాహంతో ఉన్నాం. నాలుగో రోజు నీళ్ళు మాత్రం చాలా చరిత్రాత్మకంగా వచ్చాయి.

పైడిబాబు ఆదిత్యపూర్‌లో ఒక కార్ఖానాలో ఠేకా మీద, అంటే కాంట్రాక్టు మీద, ఫిట్టరు. మూడు నెలలకోసారి గేటు పాసు మార్చాలి. ఆ పాసు మీద సంతకం పెట్టే ఠేకేదారు సీతారామరావుగారి బావమరిది. అందుకని పైడిబాబు "అలాగే బాబూ" అన్నాడు. త్రివేణి తండ్రి వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. చిలకమ్మ నా వైపు అలాగే చూసేది.

"ఊరికే ఇచ్చీడం కాదు బాబూ," అన్నాను. "దానికి పూజ సెయ్యాల. రేపు నానే అట్టుకొచ్చి ఇత్తాను."

మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఒక పాస్‌పోర్టుంది. చిలకమ్మ చెల్లెలు అమ్మణ్ణి మస్కట్‌లో ఉంటుంది. రమ్మని పిలిస్తే చిలకమ్మ చేయించుకుంది. ఎంక్వయిరీకి వచ్చిన పోలీసుకు ఉప్మా పెట్టింది. అప్పట్లో నేను టాటానగర్ రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌ని. వచ్చే నెల సెలవు పెడతానన్నాను. అలా నాలుగేళ్ళు అన్నాను. ఆ పుస్తకంలో ఒక్క ముద్ర కూడా లేదు.

దాన్ని ఎర్రగుడ్డలో చుట్టి, పసుపూ కుంకుమా పెట్టి, దారంతో ఏడు ముళ్ళు వేశాను. మర్నాడు ఆయన చేతిలో పెట్టి చెప్పాను.

"సభలో తప్ప ముడి ఇప్పకూడదు బాబూ. ఇప్పితే ప్రయాణం ఆగిపోద్ది. ఇప్పినోడి పదవి పోద్ది."

మొదటిది మా ఇళ్ళలో అనేదే. రెండోది నేను కలిపాను. సీతారామరావుగారు మూటను రెండు చేతులతో అందుకొని కళ్ళకద్దుకున్నారు.

పదో తేదీ సభ జరగలేదు. సంగతి జిల్లా అధ్యక్షుడికి తెలిసి, నేనుండగా ఉపాధ్యక్షుడి చేతుల మీదుగా ఏమిటన్నారు. మూట ఆయన ఇంటికి వెళ్ళింది. సభ పన్నెండుకు మారింది. ఈలోగా ఒక మంత్రిగారికి తెలిసింది. ఆయనది ఏ శాఖో మా కాలనీలో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు గాని, మంత్రి అన్నది మాత్రం నిజం. మూట ఆయన బంగళాకు వెళ్ళింది. సభ పదిహేడుకు మారింది. ఇన్ని ఇళ్ళు తిరిగినా ఒక్కరూ ముడి విప్పలేదు. మన నాయకులకు సంప్రదాయం మీద గౌరవం లేదనేవాళ్ళు ఇది గమనించాలి.

పైడిబాబుకు నా మూట సంగతి చెప్పలేదు. వాడి ముఖంలో ఏదీ దాగదు. వాడు వెళ్ళి సీతారామరావుగారి ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ఇమానం పద్నాలుక్కదా బాబూ."

"టెన్షన్ మత్ లో. మంత్రిగారు ఒక్క ఫోన్ కొడితే ఇమానం ఆగదేటి?"

"చైనా ఇమానం బాబూ."

"చైనాదైతే ఏటి? ఎగిరేది మన కలకత్తా నుంచే కదా!"

పదమూడో తేదీ పొద్దున్న టాటానగర్ స్టేషన్‌లో హౌరా వెళ్ళే బండి దగ్గర మేం ముగ్గురం, రెండు సూట్‌కేసులు. అసలు పాస్‌పోర్టు త్రివేణి జాకెట్టు లోపలి జేబులో ఉంది. దారిలో ఆటోలోనే ఆ ముక్క పైడిబాబుకు చెప్పాం. వాడు అప్పటినుంచి చెమటలు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ప్లాట్‌ఫారం మీద ఎదురుగా సీతారామరావుగారు. చేతిలో బంతిపూల దండ. వెనక ఐదుగురు. అదే బండిలో వచ్చి దిగబోతున్న జిల్లా అధ్యక్షుణ్ణి ఆహ్వానించడానికి వచ్చారు. పైడిబాబు చేతిలో సూట్‌కేసు కింద పడింది.

"ఏటి పోలయ్యా, ఎక్కడికి సవారీ?"

అడిగింది నన్ను. జవాబు చెప్పింది త్రివేణి.

"రిహార్సల్ అంకుల్. పదిహేడున సభ అయ్యాక మీరిక్కడ జెండా ఊపాలి కదా. ఏ రైలు డబ్బా దగ్గర నిలబడితే మీ ఫొటో బాగా వస్తుందో చూసుకుందామని."

సీతారామరావుగారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"సూడండ్రా! సదువుకున్న గుంటంటే ఇదీ! మీరున్నారెందుకు?"

అనుచరులు సిగ్గుపడి సూట్‌కేసులు ఎత్తారు. "బాప్‌రే, బరువుందేటి?" అన్నాడొకడు.

"రిహార్సల్ అసలుదానిలాగే ఉండాలి కదా అన్నా," అంది త్రివేణి.

"అదీ!" అన్నారు సీతారామరావుగారు. అధ్యక్షుడి దండ త్రివేణి మెడలో వేశారు. సీటు కింద సూట్‌కేసులు సర్దించారు. కిటికీ దగ్గర కూర్చున్న ఒక ముసలాయన ఫొటోకు అడ్డంగా ఉన్నాడని లేపి, త్రివేణిని అక్కడ కూర్చోబెట్టారు. జెండా లేదు. మెడలో కండువా తీసి ఊపారు. సరిగ్గా అప్పుడే బండి కదిలింది.

"బాగొచ్చింది! ఇంక దిగమ్మా!"

"ఏక్ ఔర్ టేక్, అంకుల్!"

ఆయన కండువా ఊపుతూ బండితోపాటు నడిచారు. తర్వాత పరిగెత్తారు. ప్లాట్‌ఫారం చివర ఆగి రొప్పుతూ, "ఎంత నేచురల్‌గా సేత్తందిరా!" అన్నారు.

"ఎక్కడ దిగుద్ది?" అని నన్నడిగారు.

"ఘాట్‌శిల స్టేషన్లో దిగి వచ్చీద్ది బాబూ," అన్నాను.

"వెరీ గుడ్."

జిల్లా అధ్యక్షుడు వెనక డబ్బాలోంచి దిగి, దండ కోసం చాలాసేపు మెడ వంచి నిలబడ్డారట. మేమప్పటికే బయటికి వచ్చేశాం. స్టేషన్ బయట పైడిబాబు నవ్వడం మొదలుపెట్టాడు. ఆగలేకపోయాడు. చివరికి నేనూ నవ్వాను. నవ్వి మూడేళ్ళయింది, దవడలు నొప్పెట్టాయి.

పదిహేడున మైదానంలో సభ. వేదిక చుట్టూ రంగురంగుల లైట్లు. ఏ దేశానివో ఎవరూ అడుగున చూడలేదు. వెండి పళ్ళెంలో ఎర్రమూట. మంత్రిగారు పది నిమిషాల్లో వస్తారనగా సీతారామరావుగారు నా దగ్గరికి వచ్చారు.

"త్రివేణేదీ?"

"ఘాట్‌శిలలో దిగనేదు బాబూ."

"మరెక్కడ దిగింది?"

"గ్వాంగ్‌జౌలో. నిన్నట్నుంచి పాఠాలు కూడా సెప్తంది."

ఆయన నన్ను చూశారు. మూటను చూశారు.

"పాస్‌పోర్టు నేకుండానా? అంత టేలెంటా?"

తర్వాత విషయం కొంత అర్థమైంది. పైడిబాబు వైపు తిరిగి, "నీ గేటు పాసు ఈ నెలాఖరుకే కదూ," అన్నారు. ఇంకేదో అనబోయారు గాని సైరన్ వినిపించింది. మహానాయకులకు కోపం కంటే కార్యక్రమం ముఖ్యం. కాలేజీలో చదువుతున్న తన కూతురు నవ్యను లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు.

"శాలువా కప్పుకో. చైనా ఎల్తన్నట్టు ముఖమెట్టు."

"వో కైసా ముహ్ హోతా హై, పాపా?"

మంత్రిగారు వచ్చారు. ఏడు ముళ్ళలో మూడు చేత్తో విప్పారు, మిగతావి పీఏ పళ్ళతో విప్పాడు. మంత్రిగారు పాస్‌పోర్టు తెరిచి, మైకు ముందు పేరు గట్టిగా చదివారు.

"శ్రీమతి చిలకమ్మా! జన్మ్, ఉన్నీస్ సౌ తిర్‌సఠ్!"

పుస్తకంలో అరవై మూడులో పుట్టినావిడ ఫొటో చూశారు. నవ్యను చూశారు. మళ్ళీ పుస్తకం చూశారు. మైదానంలో జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మా కాలనీ సగం మంది చిలకమ్మ పన్నెండో రోజు భోజనం చేసినవాళ్ళే.

మంత్రి అంటే మంత్రే. ఒక్క క్షణం తడబడలేదు. అరవై దాటిన తల్లి, ఈ వయసులో చైనాకు పాఠం చెప్పడానికి వెళ్ళిందనీ, తన మనవరాలిని మన ముందుకు పంపిందనీ, ఇదే మన నారీశక్తి అనీ హిందీలో గర్జించారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది సీతారామరావుగారు. మంత్రిగారి నోట తప్పు రాదు. వస్తే చరిత్రే సర్దుకోవాలి.

అక్కడికక్కడే చిలకమ్మ విదేశీ గురు యోజన అనే పథకం ప్రకటించారు. త్రివేణి పేరు ఎవరైనా ఎత్తితే మంత్రిగారి మాట అబద్ధమవుతుంది గనుక ఎవరూ ఎత్తలేదు. పైడిబాబు కూడా ఎత్తకూడదు కాబట్టి వాడి గేటు పాసు సాయంత్రానికల్లా సంతకమై, మిఠాయి డబ్బాతో సహా ఇంటికొచ్చింది.

వారం తిరక్కుండా ఖర్‌కాయి నది వంతెన దగ్గర హోర్డింగు లేచింది. పాస్‌పోర్టులో ఫొటోనే పెద్దది చేశారు. మా పొట్టి చిలకమ్మ పన్నెండడుగులుంది. కింద మంత్రిగారి రెండు చేతులు.

మస్కట్ నుంచి అమ్మణ్ణి ఫోన్ చేసింది. ఎవరో ఆ హోర్డింగు ఫొటో పంపారట.

"మా ఇంటికి రాడానికే కుదర్నేదు గానీ, అక్క చైనా ఎల్లిపోనాదేటి బావా?" అంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. ఫోన్ పెట్టేశాను.

మర్నాడు సీతారామరావుగారి ఆఫీసుకు వెళ్ళాను.

"బాబూ, మాయావిడ పాస్‌పోర్టు."

ఆయన నన్ను జాలిగా చూశారు.

"పోలయ్యా, ఆలోసించి మాటాడు. ఆవిడ చైనాలో ఉంది. చైనాలో ఉన్న మనిషి పాస్‌పోర్టు నా దగ్గరెలాగుంటాది?"

లేచి వచ్చేశాను.

ఆటోవాళ్ళు వంతెన దగ్గర నన్ను చూసి బండి నిదానిస్తారు. "చాచీజీ ఎప్పుడొస్తారు, చాచా?" అని అడుగుతారు.

సెలవు దొరకలేదట, అని చెబుతాను.

ఇక ఈ సంగతి నేను ఎవరితోనూ మాట్లాడను. మీతో కూడా.