కొవాచి వాడకు బస్టాపు వచ్చింది

మా బల్గేరియా పట్టణంలో ఎక్కువ తక్కువలు గత మంగళవారం ఉదయం పదకొండు గంటలకు రద్దయిపోయాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

కాలువకు ఇవతల మా అపార్ట్‌మెంట్లు, అవతల రోమాలనే జిప్సీల కొవాచి వాడ. మూడో నంబరు బస్సు ఆ వాడ ముందునుంచే పోతుంది, ఆగదు. అక్కడి జుంబ్యులా అవ్వ ఊరి నడిబొడ్డున చౌరస్తా ఊడుస్తుంది. ఏడు గంటలకల్లా చీపురు పట్టాలి. నాలుగు కిలోమీటర్ల నడక, అరిగిన మోకాళ్లు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే పని ఊడుతుందని మేస్త్రీ చెప్పేశాడు. బస్సు ఆపించమని ఆమె ఏడేళ్లుగా అర్జీలు పెడుతూనే ఉంది.

మా నివాసుల సంఘానికి రోమాల మీద ఏ ద్వేషమూ లేదు. నడక ఆరోగ్యానికి మంచిదని మాత్రం ఓ తీర్మానం పంపాం. పురపాలక సంఘం ఇరుపక్షాలనూ గౌరవించింది. మొదటి విడతలో బస్టాపు కడతారు. రెండో విడతలో, సర్వే అయ్యాక, బస్సు ఆగుతుంది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పాదిరి మా ఆచారం ప్రకారం తులసి రెమ్మల గుత్తితో బెంచీ మీద పవిత్ర జలం చిలకరించాడు. స్వాగత మర్యాదగా అవ్వే కాల్చి తెచ్చిన రొట్టెను ఉప్పులో అద్దుకుని తిని, ఉపమేయర్ కంతార్జీవ్ గారు గొంతు సవరించుకున్నారు. "ఈ బెంచీ మీద కూర్చున్న ప్రతి మనిషీ మనతో సమానుడే. కూర్చోండి. నిర్భయంగా కూర్చోండి."

"కూర్చుంటాం గాని బాబూ, బస్సెప్పుడు ఆగుద్ది?" అంది అవ్వ.

"తొందరెందుకవ్వా? ముందు ఎదురుచూడ్డం అలవాటవ్వాలి గదా."

"ఏడేళ్లబట్టీ చేస్తన్నది అదేగదయ్యా. దానికి రేకు పైకప్పు కావాలని నేనడగలా."

బ్యాండు మేళం సమయానికి అందుకోబట్టి సరిపోయింది.

మర్నాడు ఆరింటి బస్సులో నేనున్నాను. కొత్త బస్టాపులో అవ్వ నిలబడి చెయ్యెత్తింది. కృతజ్ఞత చెబుతోందని మా గుండెలు కరిగాయి. బస్సంతా చేతులూపాం. డ్రైవరు గాంచో ఒక్కడే తల తిప్పుకున్నాడు. "ఆపితే నా ఉద్యోగం పోద్ది," అని గొణిగాడు.

పోయింది అవ్వ ఉద్యోగం. ఆ రోజే.

సౌకర్యం మాత్రం వృథా కాలేదు. ఇప్పుడామె పొద్దస్తమానం ఆ బెంచీ మీదే కూర్చుంటోంది. నిన్న ముందు సీటు పెద్దమనిషి కిటికీలోంచి చూసి నిట్టూర్చాడు. "చూశారా, ఎన్ని చేసిపెట్టినా వీళ్లు పనికి పోరు."

"అదేగదండీ," అన్నాను, పక్కనున్న ఖాళీ సీటులో నా సంచీని సర్దుకుంటూ.