గులాబీ కేసులో అదనపు నేరాలు

పెళ్లయి ఇరవై మూడు రోజులైంది. ఒంటిగంట రైలెక్కి, సముద్రం పక్కన వారం రోజులు గడిపి రావాలని టీచరమ్మ, ఆమె భర్త లైబ్రేరియన్ పొద్దున్నే పెట్టెలు సర్దేశారు. "రెండు నిమిషాల్లో బ్రెడ్ పట్టుకొస్తా" అని వెళ్లిన మనిషి తొమ్మిదిన్నరకి పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ చేశాడు.

"పార్కులో నీకోసం ఒక గులాబీ కోశాను. తోటమాలి వెంటపడ్డాడు. కంచె దూకబోతే అది కాస్తా వంగిపోయింది. పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. కంగారుపడకు, ఎవరైనా లాయర్ని చూడు."

కంగారుపడవలసిన చోట టీచరమ్మ ఒళ్లు పులకరించింది. గులాబీ తనకోసమే మరి!

కోర్టు వీధిలో మొదటి లాయరు స్థలాల తగాదాలు తప్ప ముట్టుకోనన్నాడు. "ఇలాంటివాటికి ఎదురు మేడమీద లాయరమ్మ ఉంది" అని వేలు చూపించాడు. కుట్టుమిషన్ల మోత దాటి ఇరుకు మెట్లెక్కితే, ఫైళ్ల గుట్ట వెనక ఒక కళ్లజోడు కనిపించింది.

"కూర్చోమ్మా. మొదటినుంచీ చెప్పు. ఏదీ దాచకు."

ఇరవై మూడు రోజులుగా టీచరమ్మ మొగుడి ముచ్చట్లు మొదలెట్టగానే పక్కింటావిడకి పొయ్యి మీద పాలు పొంగేవి. స్టాఫ్ రూములో అందరికీ ఒక్కసారే గంట వినిపించేది. ఇన్నాళ్లకి దేవతలా ఒకావిడ, ఏదీ దాచకు అంది! టీచరమ్మ గంటసేపు ఏదీ దాచలేదు.

"అమ్మాయ్, ఇవన్నీ నాతోనే. అక్కడ నోరు విప్పకు" అంది లాయరమ్మ, పెన్ను మూస్తూ.

స్టేషన్లో బల్ల మీద గులాబీ ఉంది. బల్లకి అటు తోటమాలి, ఇటు తలొంచుకున్న భర్త. ఇన్‌స్పెక్టరు అప్పటికే మెత్తబడి ఉన్నాడు.

"మందలించి పంపేద్దామనే అనుకుంటున్నానండీ. పాత గొడవలేమీ లేవుగా?"

"నా క్లయింటు మచ్చలేని మనిషి. సాహసమన్నదే ఎరగడు" అంది లాయరమ్మ.

టీచరమ్మకి ఎక్కడో చురుక్కుమంది. "ఎందుకెరగరండీ? వానలో నాకు గొడుగివ్వడానికి లేడీస్ హాస్టలు గోడ దూకారు!"

లాయరమ్మ బల్ల కింద కాలు తొక్కింది. అది స్టేషన్ రైటరు కాలు. అతను ఉలిక్కిపడి రాసుకోవడం మొదలెట్టాడు.

"నాతో మాట్లాడ్డం కోసం టికెట్ లేకుండా ఆరు స్టేషన్లు రైల్లో వచ్చారు. నాకిష్టమని లైబ్రరీ పుస్తకం ఎవరికీ చెప్పకుండా తెచ్చేశారు!"

"సార్, పువ్వు, కంచెతో కలిపి మొత్తం అయిదు" అన్నాడు రైటరు హుషారుగా.

ఇన్‌స్పెక్టరు నిట్టూర్చాడు. "ఇన్ని విన్నాక వదలడానికి లేదమ్మా. రేపు కోర్టుకే."

గోడ గడియారం పన్నెండు కొట్టింది. టీచరమ్మ కళ్లముందు సముద్రం ఇంకిపోయింది.

అప్పుడు లేచాడు భర్త. "సార్, అవేవీ నేను చెయ్యలేదు. గొడుగు వాచ్‌మన్ చేత పంపించాను. రైలుకి నాకు నెలవారీ పాసుంది. పుస్తకం నా కార్డు మీదే తీసుకున్నాను. గడువుకి ముందే ఇచ్చేశాను కూడా." గొంతు తగ్గించాడు. "పెళ్లికి ముందు... కాస్త గొప్పకి చెప్పుకున్నాను."

"అంటే అన్నీ అబద్ధాలేనా?" అంది టీచరమ్మ.

"అబద్ధాలంటే... కోతలు."

"ఉత్త బుద్ధిమంతుడు సార్" అని రైటరు నిరాశగా కాగితం చింపేశాడు. కంచె సరిచేయిస్తానని సంతకం పెట్టించుకుని, ఇన్‌స్పెక్టరు వెళ్లమన్నాడు.

భర్త కదల్లేదు. లాయరమ్మ దగ్గరికి జరిగి గుసగుసలాడాడు. "మేడమ్, ఇంకో అరగంట ఉండగలరా?"

"కేసైపోయిందిగా?"

"నాకిప్పుడే మొదలైంది."

"అది పై కోర్టు నాయనా. అక్కడ లాయర్లని రానివ్వరు."

గుమ్మం దగ్గర టీచరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. "ఆ గులాబీ అయినా నిజంగా కోశారా? ఏ కొట్లోనో కొన్నారా?"

భర్త నోరు తెరిచేలోపే తోటమాలి లేచాడు. "కోశాడమ్మా! నా కళ్లతో చూశాను. చెట్టుచెట్టూ తిరిగి, అన్నిట్లోకీ పెద్దది ఏరి మరీ కోశాడు. ముల్లు దిగినా వదల్లేదు! ఎక్కడ చెప్పమన్నా చెబుతాను!"

టీచరమ్మ పెదవులు బిగించింది గానీ బుగ్గలు మాట వినలేదు. వచ్చి, బల్ల మీది గులాబీ తీసుకుంది.

ఒంటిగంట రైలు సరిగ్గా సమయానికి కదిలింది. విచారణ ఏడు రోజులూ వాయిదా లేకుండా సాగింది.