రంగు ఫిర్యాదుల్లేని జిల్లా

ఇకమీదట జిల్లాలో తయారైన ఏ వస్తువు కొన్నవారైనా దాని రంగు చూసి నిరాశపడడానికి వీల్లేదని ఉప జిల్లాధికారి ఏసెన్‌కుల్ గారు మార్చి మొదటి వారంలో ప్రకటించారు. పడితే ఏం చేస్తారో చెప్పలేదు. అంత గంభీరమైన ప్రకటనలో అలాంటి చిల్లర వివరాలు ఇమడవు. సంస్కృతి భవనం పైకప్పు మీద మంచు కరిగి నీళ్ళు కారుతున్నా, ఆయన రెండు బకెట్ల మధ్య నిలబడి నలభై నిమిషాలు మాట్లాడారు. కిర్గిజ్ దేశంలోనే మొట్టమొదటి రంగు ఫిర్యాదుల్లేని జిల్లా మనదే కావాలన్నారు.

మూడో వరసలో కూర్చున్న బురుల్చా మనసారా చప్పట్లు కొట్టింది. ఆమె అవసరం అలాంటిది. ఆమె, మరో ఏడుగురు ఆడవాళ్ళు కలిసి ఉన్నిని తడిపి, తొక్కి, రంగు పట్టించి షిర్దక్ తివాచీలు కుట్టి, ఒక వెబ్‌సైటు ద్వారా ఆన్‌లైన్‌లో అమ్ముతారు. ఎనిమిది ఇళ్ళకూ అదే ఆధారం. ఆ వెబ్‌సైటు వాళ్ళ నియమం ఒకటుంది: ఏడాదిలో మూడు రంగు ఫిర్యాదులొస్తే దుకాణం మూసేస్తారు. బురుల్చాకు అప్పటికే రెండు పడ్డాయి. ఫొటోలో దానిమ్మగింజ, ఇంటికొచ్చింది ఉడికిన బీట్‌రూటు అని హాంబర్గ్ నుంచి ఒకావిడ రాసింది. అల్మాటీ ఆవిడ ఫిర్యాదు ఇంకా బాగుంది. తివాచీ తన అత్తగారికి నచ్చిందట, కాబట్టి రంగు తేడా ఉన్నట్టేనట.

ఆ రెండు దెబ్బలూ తిన్నాక బురుల్చా తనకంటూ ఒక పద్ధతి పెట్టుకుంది. ఉల్లిపొట్టు, అక్రోటు తొక్క, కొండమొక్కల వేళ్ళు వేసి ఉడికించే రంగు ఏ రెండు కుండల్లోనూ ఒకేలా దిగదు. అందుకని తివాచీ పక్కన తెల్లటి టీగిన్నె పెట్టి, ఎండపూట వాకిట్లో ఫొటో తీసేది. గిన్నె తెల్లగా కనబడితే తివాచీ రంగూ నిజమే. ఆర్డరు రాగానే ఆ ఉన్ని పోగు ఒకటి కవర్లో పెట్టి ముందుగా పంపేది. "రంగు ఇదీ. దీపం కింద కాదు, కిటికీ దగ్గర చూడండి. నచ్చిందంటేనే తివాచీ పంపుతాను" అని రాసేది. ఏడు నెలలుగా ఒక్క ఫిర్యాదూ లేదు. అయినా ప్రాణం గుప్పిట్లో పెట్టుకునే ఉండేది. ప్రభుత్వం ఒక మాట చెబితే వెబ్‌సైటు వాళ్ళు ఆ పాత రెండూ కొట్టేస్తారేమోనని ఆమె ఆశ.

ఏసెన్‌కుల్ గారు అంత చిన్న సాయం చేసే మనిషి కాదు. మర్నాడే స్వయంగా ఆమె వాకిట్లోకి వచ్చారు.

"ఈ గిన్నె ఏంటి ఎజే?" వయసులో పెద్దదని ఆమెను అక్కా అనే పిలిచారు. మర్యాదలో ఆయనకు వంక పెట్టలేం.

"తెలుపు తెల్లగా పడిందో లేదో చూసుకోడానికి సార్."

"తెలుపు తెల్లగానే ఉంటుందని ప్రభుత్వానికి తెలుసు. కొన్నవాళ్ళు గిన్నె కూడా ఇమ్మంటే?"

"ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

"అడిగారే అనుకోండి. గిన్నె ఫిర్యాదు రంగు ఫిర్యాదు కిందికొస్తుందా, రాదా? చూశారా, మీ దగ్గర జవాబు లేదు."

ఉన్ని పోగుల సంగతి విన్నాక ఆయన ముఖం మరీ చిన్నబోయింది. "ముక్క ముందే పంపుతారా? అంటే మన ఫొటోని మనమే నమ్మట్లేదని విదేశాలకు ఉత్తరం రాసి మరీ చెప్తున్నారన్నమాట!"

పోగులు ఆగిపోయాయి. గిన్నె అలమరలోకి పోయింది. జిల్లాలోని తివాచీలన్నిటికీ సంస్కృతి భవనంలో, ప్రభుత్వం ఆమోదించిన దీపాల కిందే ఫొటోలు తీయాలని ఉత్తర్వు వచ్చింది. దీపాలు టెండరు పిలిచి కొన్నవి. వెనక ఊదారంగు వెల్వెట్ తెర. మొదటి ఫొటోలో ఎరుపు కార్జం ముక్కలా, తెలుపు వెన్నలా పడ్డాయి.

"ఎజే, మన తివాచీకి కామెర్లొచ్చాయే!" అంది పక్కింటి సైరకాన్. కుట్టుపనిలోనే కాదు, నోటి పనిలోనూ ఆమెను మించినవారు ఆ వీధిలో లేరు.

బురుల్చా పోయి ఆ తేడా చూపించింది. ప్రజల మాటకు ఏసెన్‌కుల్ గారు ఇచ్చే విలువ చూడండి, ఆ సాయంత్రానికే అయిదుగురితో కమిటీ వేశారు. పశువుల డాక్టరు, కుస్తీ నేర్పి రిటైరైన ఆయన, పింఛన్ల గుమాస్తా, ఏసెన్‌కుల్ గారి బంధువులు ఇద్దరు. రంగుల గురించి తెలిసినవాళ్ళుంటే పక్షపాతం వస్తుందని ఒక్కరినీ తీసుకోలేదు. కమిటీ మూడు రోజులు కూర్చుని, ఒక గొర్రెను పూర్తిగా తిని, తీర్పు చెప్పింది. ఫొటో ప్రభుత్వ దీపం కింద తీసింది గనక అది సరైనదే. తేడా తివాచీల్లో ఉంది. ఫొటోకు సరిపోయేదాకా ఏ తివాచీ జిల్లా దాటకూడదు.

ఆర్డరైన తివాచీలన్నిటినీ పార్సిళ్ళు కట్టించి భవనం పైగదిలో పెట్టి తాళం వేశారు. ఏప్రిల్లో పన్నెండు. జూన్ నాటికి పంతొమ్మిది. "నా తివాచీ ఎక్కడ?" అని హాంబర్గ్ నుంచీ అల్మాటీ నుంచీ, ఇంకా బురుల్చాకు పేరు పలకడం కూడా రాని ఊళ్ళనుంచీ సందేశాలు వచ్చి పడ్డాయి. ఆమె ఫోను పట్టుకుని ఏసెన్‌కుల్ గారి దగ్గరికి పరుగెత్తింది.

"ఇవి రంగు ఫిర్యాదులు కావు కదా ఎజే! ఇవి ఆలస్యం ఫిర్యాదులు. ఆ విభాగం ఇంకా పెట్టలేదు."

"వాళ్ళకి ఏమని చెప్పను సార్?"

"రంగు గురించి బెంగ పెట్టుకోవద్దని చెప్పండి."

రంగు ఫిర్యాదులు వరసగా మూడు నెలలు సున్నా. పత్రికల్లో మొదటి పేజీలో పడింది. పక్క జిల్లాల అధికారులు చూసి నేర్చుకోవడానికి వచ్చారు. వాళ్ళకు ఖాళీ ఫిర్యాదుల పుస్తకం చూపించారు. ఒక్కొక్కరూ పేజీలు తిప్పి, తిప్పి, తల ఊపి, నూనెలో వేయించిన బోర్సోకులు తిని వెళ్ళారు.

ఇటు సైరకాన్ రెండు గొర్రెల్ని అమ్ముకుంది. మిగతా ఆడవాళ్ళు ఊళ్ళో పెళ్ళిళ్ళకు గిన్నెలు కడగడానికి పోతున్నారు. వాళ్ళెవరూ బురుల్చాను నిలదీయలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధగా ఉంది. అంతలో వెబ్‌సైటు నుంచి కబురొచ్చింది: ఇరవయ్యో తేదీ మధ్యాహ్నంలోగా పార్సిళ్ళు కదలకపోతే దుకాణం మూత.

"తాళం ఒక్క గంట తియ్యండి సార్. పోస్టాఫీసుకు బండి నేనే తెచ్చుకుంటాను."

"ఇరవయ్యోనాడేగా మంత్రిగారొచ్చేది! ఆయన కూడా మీ దగ్గర ఒకటి ఆర్డరు చేశారు, తెలుసా? దాన్ని కూడా కట్టి పైకి పంపండి. నియమం అందరికీ ఒకటే." చట్టం ముందు మంత్రికీ మామూలు మనిషికీ తేడా చూడని అధికారిని ఈ రోజుల్లో ఎక్కడ చూస్తాం?

ఇరవయ్యో పార్సిలు పైగదికి చేరింది.

ఇరవయ్యో తేదీన భవనం కిటకిటలాడింది. బురుల్చాకు చిత్రాల అంచున్న ప్రశంసాపత్రం ఇచ్చి వేదిక మీద ఒక పక్కన నిలబెట్టారు. మంత్రిగారు మాట్లాడుతూ జేబులోంచి ఫోను తీసి, తాను వెబ్‌సైటులో రాసిన అభిప్రాయం చదివారు.

"తివాచీ అందింది. రంగు అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉంది. మా ఇంటిల్లిపాదికీ నచ్చింది. అయిదు నక్షత్రాలు."

హాలు దద్దరిల్లింది. బురుల్చా ఏసెన్‌కుల్ గారి దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"సార్, ఆయన పార్సిలు పైనే ఉంది."

ఆయన నవ్వు చెక్కు చెదరలేదు. "తెలుసు ఎజే. పంపకండి. పంపితే రంగు చూస్తారు."

అప్పుడే ఆమె చేతిలో ఫోను కదిలింది. వచ్చిన రెండు వాక్యాలూ రెండుసార్లు చదివింది. హాల్లో నాలుగో వరసలో వాళ్ళ ఏడుగురూ ఆమెనే చూస్తున్నారు.

"మా దుకాణం మూసేశారు సార్."

ఏసెన్‌కుల్ గారి నవ్వు మొదటిసారి జారింది. "రంగు గురించా?"

"కాదు. సరుకు పంపనందుకు."

"హమ్మయ్య!" అని ఆయన గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. తర్వాత మైకు అందుకుని, ఇప్పుడే అందిన వార్త ప్రకారం బురుల్చా ఎజే దుకాణానికి రంగు ఫిర్యాదు రావడమన్నది ఇక ఎన్నటికీ జరగదని సభకు తెలియజేశారు.

అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది మంత్రిగారే.