ఎర్గషాలిగారి పని దాహం

దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ పరుపు ఇటు లాక్కోండి. టీ చల్లారితే మళ్లీ పోస్తాను. ఇది పెద్దమనిషి కథ. దూరం నుంచి వింటే ఆయన పెద్దరికం సరిగా వినిపించదు.

"విశ్రాంతి నాకు శత్రువు. నేను కుర్చీలో లేని పూట ఈ పట్టణంలో ఎక్కడో ఒక మొక్క తల వాల్చేస్తుంది."

ఈ మాట అన్నది మా గోడ అవతలి ఎర్గషాలిగారు. వీధి చెట్ల కార్యాలయంలో ఉప అధికారి. వసంతం మొదట్లో వచ్చే నవ్రూజ్ పండుగకి ప్రభుత్వం సెలవులిచ్చింది, ఇచ్చినవాటిని శని ఆదివారాలతో కలిపి సాగదీసింది. జనమంతా సంతోషించారు. ఆయన మాత్రం వీధి మధ్యలో నిలబడి, నలుగురికీ వినపడేలా బాధపడ్డారు. మొక్కలకి ఈ సంగతి తెలియదు కాబోలు, ఆ వారమే చిగుళ్లు వేశాయి.

ఆయన బెంగ మొక్కల మీద కాదని నాకు రెండో రోజుకే అర్థమైంది. కార్యాలయంలో ఆయన అడుగుపెడితే అందరూ లేచి నిలబడతారు. ఇంట్లో లేచేది కోడిపుంజు ఒక్కటే, అదీ భయంతో. ఈ లోటు తట్టుకోలేక ఆయన కార్యాలయాన్ని వంటింట్లోకి తెచ్చుకున్నారు. పొద్దున్నే సమావేశం. హాజరయ్యేది భార్య ముహయ్యో ఒక్కతే.

"క్యారెట్లు ఇంత సన్నగా తరగడానికి కారణం?"

"పలావుకండీ."

"పలావుకని నాకూ తెలుసు. ఎవరి అనుమతితో అని అడుగుతున్నా."

"మీ ఆకలి అనుమతితో."

పాపం, ముహయ్యోకి అసలు పని వేరే ఉంది. మా ఫర్గానా లోయలో ఆమెలా దొప్పి టోపీలు కుట్టేవాళ్లు ఇప్పుడు తక్కువ. నల్లగుడ్డ రెండు పొరలుగా వేసి, సన్నటి వరసలు కుట్టి, ఆ వరసల్లోకి కాగితపు ఒత్తులు దూరుస్తుంది. ఆ ఒత్తులే టోపీకి బిగువు. రొట్టెల పొయ్యి వాళ్ల అబ్బాయి పెళ్లి సెలవులైన మర్నాడే. పెళ్లికొడుక్కీ అతని స్నేహితులకీ టోపీలిస్తానని ఈమె మాటిచ్చింది. సూది పట్టుకుంటే చాలు, ఆయన ఇంకో సమావేశం పిలుస్తారు.

గోడలోని చిన్న తలుపు దగ్గరికొచ్చి నాతో చెప్పుకుంది.

"అవ్వా, పెళ్లికొడుకు ఒట్టి తలతో బయల్దేరితే ఈ ఊళ్లో నన్నింకెవరూ నమ్మరు. ఈ మనిషి లేని ఒక్క పూట ఇప్పించు నాకు."

"ఇప్పించడానికి నేనేమన్నా ప్రభుత్వాన్నా? ఆయనకి టీ ఎలా పోస్తున్నావు?"

"సగం గిన్నె. మర్యాదగా."

"మర్యాద తగ్గించు."

మర్నాడు ఆమె టీ గిన్నె అంచుదాకా నింపి ఆయన ముందు పెట్టింది. మన వైపు దాని అర్థం నేను చెప్పక్కర్లేదు, మీ ఇళ్లకీ కదలని చుట్టాలు వస్తుంటారు. సగం పోస్తే ఇంకాసేపు ఉండమని. నిండా పోస్తే తాగేసి దయచేయమని. సొంత ఇంట్లో, సొంత గిన్నెలో అది చూసి ఆయన చివరి చుక్కదాకా తాగేసి లేచారు. వీధిలోకి వెళ్లి ప్రకటించారు.

"నా కుటుంబం తన సుఖాన్ని వదులుకుని నన్ను ప్రజాసేవకి పంపుతోంది."

వెంటనే సిబ్బంది అందరికీ ఫోన్లు. రేపు హషర్, ఊరికోసం అందరూ కలిసి ఉచితంగా చేసే పని. "ఇష్టం ఉన్నవాళ్లే రండి. ఇష్టం లేనివాళ్లెవరో నేను చూసుకుంటాను," అన్నారు. ఇంత స్వేచ్ఛ ఇచ్చాక ఎవరు మానేస్తారు?

మర్నాడు ముహయ్యో హాయిగా కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. అంతలో వీధి తలుపు తెరుచుకుంది. ముందు ఆయన, వెనక కార్యాలయం మొత్తం. కాపలా మనిషి తాళంచెవి జేబులో వేసుకుని అత్తగారి ఊరు వెళ్లాడట.

"అయితే ఏమైంది? కార్యాలయమంటే గోడలు కాదు, నేను. ముహయ్యో, అందరికీ పలావు," అని ఆయన పందిరి కింది పెద్ద మంచం ఎక్కారు. దిండంత లావున్న ఉపన్యాసం తీశారు. శ్రమలోని ఆనందం గురించి. పూర్వీకుల హషర్ గురించి. ముహయ్యో సూది కింద పెట్టేసింది. ఆమె కళ్లు చూశాక నేనిక గోడ ఇవతల ఉండలేకపోయాను.

"ఎర్గషాలీ, నాయనా, ఒక్క అనుమానం. హషర్ మన పూర్వీకుల ఆచారమేనా?"

"పవిత్రమైన ఆచారం, అవ్వా."

"మరి ఆ ఆచారంలో జనం ఎవరి ముంగిట్లో దిగితే వాళ్ల పనే చెయ్యాలి కదా. గోడ కడుతుంటే గోడ, పత్తి ఏరుతుంటే పత్తి. ఈ ముంగిట్లో టోపీలున్నాయి."

ఆయన కాగితాల్లో జవాబు వెతికారు. ఈలోగా టైపు చేసే ఓయ్‌దీన్ చెప్పులు విడిచి ముందుకొచ్చింది.

"సూది ఇటివ్వు వదినా. మా ఆయన ఫోన్ చూస్తుంటే నేను ఆయన్ని చూస్తూ కూర్చుని చేతులు తిమ్మిరెక్కిపోయాయి."

ఇంకేముంది, ఆడవాళ్లు కుట్టడానికి కూర్చున్నారు. మగవాళ్లు ఒత్తులు చుట్టడం నేర్చుకున్నారు. డ్రైవరు పలావు తన చేతికి తీసుకుని, ఉప్పు ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. నిజానికి సెలవుల్లో అందరి చేతులూ పని కోసం మొహం వాచి ఉన్నాయి. ఆ సంగతి ఉపన్యాసం లేకుండానే తెలిసిపోయింది.

మధ్యాహ్నానికి కాగితం అయిపోయింది. ముహయ్యో భర్త చేతుల వైపు చూసింది.

"చదవడం అయిందా అండీ?"

"సగం అయింది."

"అయితే చదివేసిన సగం ఇవ్వండి."

అందరూ చూస్తున్నారు, ఇవ్వక తప్పలేదు. ఓయ్‌దీన్ పక్కకి జరిగి చోటు చూపించింది.

"మీరూ రండి సార్, నాలుగు ఒత్తులు చుట్టండి. ఆనందం ఇందులోనే ఉందన్నారు కదా."

ఆయన కాగితం ముక్క వేళ్ల మధ్య పట్టుకున్నారు. ఇటు తిప్పారు, అటు తిప్పారు. ముఖంలో ఏదో వెలిగింది.

"ఆగండి. ఇవాళ సెలవు కదా? సెలవునాడు ఉద్యోగి చేత పని చేయించడం నిబంధనలకి విరుద్ధం. విశ్రాంతి నా హక్కు."

నిబంధన తప్పని మనిషి కనక లోపలికి వెళ్లి, రెండు పరుపులు ఒకదాని మీద ఒకటి వేసుకుని, దాన్ని పొద్దుగూకేదాకా పాటించారు. గురక పెట్టి మరీ పాటించారు. బయట ఆఖరి టోపీ పూర్తయిందని చెప్పబోతే ముహయ్యోయే అందరి నోళ్లూ మూయించింది.

"ష్, లేపకండి. లేస్తే మళ్లీ పని చేస్తానంటారు."

పెళ్లినాడు పెళ్లికొడుకు శ్రమలోని ఆనందాన్ని నెత్తిన పెట్టుకుని ఠీవిగా బయల్దేరాడు. ఆ ఉపన్యాసం అంతమంది తలల దాకా వెళ్లడం అదే మొదటిసారి.

ఇది మరిచిపోకండి. సెలవులు ముగిసే రోజుల్లో, పని పని అని వీధికెక్కి ఏడ్చే మనిషి కనిపించినప్పుడు మీ వాళ్లని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. చెప్పేటప్పుడు ఆ గురక దగ్గర తొందరపడకండి. అక్కడ కాసేపు ఆగి, వాళ్లని విననివ్వండి.