కొడంగల్ రోడ్డు మీద లెక్కల పాఠం

ఆ పొద్దున నర్సప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి, కూతురికి లెక్కలు పాత పద్ధతిలోనే చెప్పాలా కొత్త పద్ధతికి మారాలా అన్నది తేల్చేయాలి, ఆ తర్వాత పప్పు మిల్లుకు పోయి తన గుమస్తా పని చూసుకోవాలి. మూడింట్లో చాయ్ ఒక్కటే జరిగింది. అది కూడా చల్లారిపోయాక.

అరవై తొమ్మిదో సంవత్సరం అది. తెలంగాణ ఉద్యమం మొదలై తాండూరులో బడులు మూతబడ్డాయి. ఈ వారం తెరుస్తారట, వచ్చే వారం తెరుస్తారట అనుకుంటూనే ఎండాకాలం సగమైంది. ఐదో తరగతి మధ్యలో ఆగిపోయిన కాశమ్మను చూసి నర్సప్ప తల్లి బీరమ్మ తీర్పు చెప్పేసింది. "బడే లేనంక పిల్ల ఇంట్ల కూసొని ఏం జేస్తది? పెద్దేముల్ తోలియ్. మా భీమప్ప ఎంబడి గొర్లు కాస్తది. గా జీతగాడు గూడ పారిపోయిండంట."

పెద్దేముల్ ఊళ్ళో ఉండే భీమప్ప బీరమ్మకు తోడబుట్టిన తమ్ముడు. ఆమె గొర్లన్నీ అతని దగ్గరే ఉన్నాయి. నర్సప్ప కూడా చిన్నప్పుడు ఆ మంద వెనకాలే ముళ్ళల్లో పరుగెత్తిన మనిషి. ఆ ఇంట్లో అక్షరం ముక్క నేర్చిన మొదటివాడు. కూతురి చేతికి మళ్ళీ ఆ కర్ర వస్తుందనుకుంటే అతనికి ఏడుపొచ్చేది. నేనే ఇంట్లో చదువు చెప్తానని కాళ్ళావేళ్ళా పడ్డాడు. చివరికి బేరం కుదిరింది. నెలాఖరుకు భీమప్ప వచ్చి పిల్లను లెక్కలడుగుతాడు. చెప్పిందా, బడులు తెరిచాక ఆరో తరగతికి పోతుంది. చెప్పలేదా, అదే సాయంత్రం అతని వెంట పెద్దేముల్ పోతుంది.

చిక్కేమిటంటే, కాశమ్మకు ఎక్కాలు అద్భుతంగా వచ్చు, లెక్కలు అస్సలు రావు. ఏడో ఎక్కం అందుకున్నదంటే ఊపిరి తీయకుండా చివరిదాకా పోతుంది. "ఏడెనిమిదులెంత బిడ్డా?" అని మధ్యలో ఆపి అడిగితే మాత్రం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుని, ఎనిమిది దగ్గర ఆగడం మరచిపోయి, పదిదాకా పోయి నిలబడుతుంది.

ఈ కష్టాల మీదికి వికారాబాద్ నుంచి బావమరిది కిష్టప్ప దిగాడు. మాస్టర్ల ట్రైనింగు చదువుతున్నాడు. అక్కడా క్లాసులు లేవు గనుక నేర్చిందంతా ఎవరిమీద ప్రయోగించాలో తెలియక ఊగిపోతున్నాడు. "బావా, ఎక్కాలు బట్టీ పెట్టించుడు పాత జమానా ముచ్చట. ఇప్పుడు వస్తువులు ముంగట వెట్టి చూపియ్యాలె. కండ్లతోని చూస్తెనే బుర్రకెక్కుతది," అన్నాడు.

"నెలాఖరు నెత్తిమీద ఉన్నది. ఇప్పుడు మారిస్తె ఉన్నది గూడ పోతదేమో," అన్నాడు నర్సప్ప.

"ఉన్నదేందో చెప్పు బావా, పోవుటానికి."

పొయ్యి దగ్గర నుంచి భార్య ఎంకమ్మ అందుకుంది. "కూర సగం ఉడికినంక పొయ్యి మారుస్తరా ఎవలన్న? ఏదో ఒకటి జెయ్యుండ్రి. ఆ పిల్ల మొఖం చూస్తె నాకు అన్నం తినబుద్ధయితలేదు."

ఇలా వారం పాటు నలిగాడు నర్సప్ప. పొద్దున ఎక్కాలు, సాయంత్రం వస్తువులు. ఆఖరికి పిల్లకు రెండూ కలిసిపోయాయి. ఒకసారి కంది గింజలు వరుసలుగా పేర్చి "ఇదీ ఎక్కమంటే" అని కిష్టప్ప వివరిస్తుంటే, కోడి వచ్చి జవాబు తినేసింది. కాశమ్మ పడీ పడీ నవ్వింది. నర్సప్ప తల పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

ఇదిగో, ఆ చాయ్ తాగిన పొద్దున కిష్టప్పకు కొత్త ఆలోచన తట్టింది. "కోడి తినని వస్తువు గావాలె బావా," అన్నాడు. ఇంటి పక్కనే మొహియుద్దీన్ నాపబండలు అమ్మే అడ్డా. తాండూరులో ఇంకేం దొరక్కపోయినా బండలకు కరువు లేదు. నర్సప్ప అడిగితే మొహియుద్దీన్ గడ్డం నిమురుకుంటూ, "తీస్కో నర్సప్ప భాయ్. సైజుకు రాని ముక్కలు గుట్టవడి ఉన్నయి. బేరాల్లేవు, బండ్లు నడుస్తలేవు, నాకు మాత్రం ఏం పని? జర అంచులు పగలకుండ చూడు," అన్నాడు.

వాకిలి చిన్నది. మూడు వరుసలు పరిచేసరికి నిండిపోయింది. కిష్టప్పకు తొమ్మిది వరుసలు కావాలి. సందులోకి జరిగారు. సందు వంకర. వరుస వంకరపోతే పాఠం వంకరపోతుందన్నాడు కిష్టప్ప. సందు చివర కొడంగల్ రోడ్డు చక్కగా, సాపుగా, ఖాళీగా ఉన్నది. బడుల్లేక వీధుల మీద పడి తిరుగుతున్న పిల్లలు పని దొరికిందన్న ఆనందంతో బండలు మోశారు. చూస్తుండగానే రోడ్డుకు అడ్డంగా తొమ్మిది వరుసలు, వరుసకు ఏడేసి బండలు తయారయ్యాయి.

"బిడ్డా, ఈ కొసకెల్లి ఆ కొసకు నడువు. వరుసలెన్ని? వరుసకెన్ని?" అని అడిగాడు కిష్టప్ప.

కాశమ్మ బండ మీంచి బండ మీదికి గెంతుతూ పోయి, తిరిగి వచ్చి, కాసేపు చూసి, "అరవై మూడు" అన్నది. మొదటి నుంచి ఎత్తుకోలేదు. పదిదాకా పోలేదు. నర్సప్పకు కళ్ళు చెమర్చాయి. నెలల తరబడి కోల్పోయిన ధైర్యం ఒక్కసారిగా తిరిగొచ్చినట్టయింది. సరిగ్గా అప్పుడే కొడంగల్ బస్సు వచ్చింది.

ఆ రోజుల్లో రోడ్డుకు అడ్డంగా రాళ్ళు కనిపిస్తే ఎందుకున్నాయని ఏ డ్రైవరూ అడిగేవాడు కాదు. ఇతనూ అడగలేదు. బస్సు ఆపి, ఇంజను బందు చేసి, దిగి బీడీ ముట్టించాడు. "బంద్ ఎప్పటిదాక?" అని మాత్రం అడిగాడు.

"బందేమి లేదన్నా. ఇప్పుడే తీసేస్తం. పిల్లకు లెక్కలు చెప్తున్నం," అన్నాడు నర్సప్ప.

డ్రైవరు నవ్వాడు. "నాకెందుకన్నా గవన్నీ. నేను సూడనే లేదనుకో," అని చెట్టు నీడకు పోయి తువ్వాల పరుచుకున్నాడు. ప్రయాణికులు మూటలతో దిగారు. వాళ్ళను చూసి కిరాణా దుకాణం మూసేశారు. కిరాణా దుకాణం మూశారని బట్టల దుకాణమూ మూసేశారు, బట్టల దుకాణం మూశారని అంగడికొచ్చిన వాళ్ళు గంపలెత్తుకున్నారు. ఊరంతా మూసేశారని పప్పు మిల్లు సేటు మరలు ఆపించి, ఎవరు చేయించారని అడిగాడు. నీ గుమస్తానే అన్నారు ఎవరో.

బండలు తీద్దామని నర్సప్ప వంగేసరికి కాలేజీ పిల్లలు జెండాలతో వచ్చారు. తమకు తెలియకుండా ఇంత పెద్ద కార్యక్రమం చేసినవాడెవరా అని వెతుక్కుంటూ వచ్చి, అతని మెడలో బంతిపూల దండ వేశారు. "తమ్మీ, కాళ్ళు మొక్కుత. ఇది లెక్కల పాఠం," అన్నాడు నర్సప్ప. వాళ్ళ నాయకుడు కన్ను గీటి, "మస్తు చెప్పినవన్నా! పోలీసోళ్ళొస్తే గదే మాట మీద ఉండు," అని చెవిలో చెప్పాడు. ఆ తర్వాత నర్సప్ప నిజం చెప్పినకొద్దీ జనం ఇంకా మెచ్చుకున్నారు.

పోలీసులు రానే వచ్చారు. జీపులోంచి దిగిన ఎస్సై బండలను చూసి, దండను చూసి, "ఇదంతా ఏంది?" అన్నాడు.

"లెక్కల పాఠం సార్," అన్నాడు నర్సప్ప. వెనకనుంచి చప్పట్లు మోగాయి.

"పాఠమా? చెప్పు మరి, బండలెన్ని?"

మిల్లులో బస్తాల మీద బస్తాలు లెక్కగట్టే నర్సప్పకు ఆ క్షణాన ఒక్క అంకె గుర్తుకు రాలేదు. ఎస్సై జీపు వైపు చేయి చూపించాడు. సందు మొగలో ఎంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఆమె పక్కనే బీరమ్మ, ఇదంతా తనకు ముందే తెలుసన్నట్టు నిలబడ్డది. ఉద్యోగం పోయింది, పరువు పోయింది, నెలాఖరు రాకముందే పిల్ల చదువు పోయిందనుకున్నాడు నర్సప్ప. బతుకు మీద ఆశ వదులుకుని జీపు మెట్టు మీద కాలు పెట్టాడు.

అప్పుడు దుమ్ము లేచింది. సందులోంచి గొర్ల మంద రోడ్డు మీదికి పడింది. దాని వెనకాల భీమప్ప.

అతను ఆ రోజు రావలసినవాడు కాడు, ఆ దారిన అసలే రావలసినవాడు కాడు. మందను అంగడికి తోలుకుపోతుంటే అంగడి మూసేశారని పోలీసులు వెనక్కు తిప్పారు. ఎటు పోయినా అడ్డే ఉండి, చివరికి అక్క వాకిట్లోంచే రావాల్సివచ్చింది. అక్కను చూడగానే అతని మొహం మాడిపోయింది. వెంటనే సర్దుకుని నవ్వు పులుముకున్నాడు. "నెలాఖరుదాక ఎందుకక్కా, పిల్ల పరీక్ష ఇయ్యాల్నే జేద్దమని వచ్చిన," అన్నాడు. కదిలే మందను ఎవరూ లెక్కపెట్టలేరని అతని ధీమా. "ఏమే కాశమ్మా, నీకంత సదువొస్తే చెప్పు. నా ఎంబడి గొర్లెన్ని?"

నర్సప్ప కళ్ళు మూసుకున్నాడు. అయిపోయిందనుకున్నాడు. కాశమ్మ ఇంట్లోకి పరుగెత్తి, మేకపిల్లకు వేసే కంది పొట్టు గంపెడు తెచ్చి, బండకో పిడికెడు వేసుకుంటూ పోయింది. పొట్టు చూసిన గొర్లను ఎవరూ పిలవనక్కరలేదు. బండకొకటి చొప్పున వచ్చి తలలు వంచాయి. దొరకని కొన్ని పక్కన అరుస్తూ నిలబడ్డాయి.

"బండలన్ని నిండినయి, అరవై మూడు. బయట పదకొండు ఉన్నయి. డెబ్బై నాలుగు తాతా," అన్నది కాశమ్మ.

ఎస్సై వేలు చూపిస్తూ తనూ లెక్కపెట్టి, "కరెక్టే" అన్నాడు. కిష్టప్ప తన పద్ధతి గురించి జనానికి ఉపన్యాసం మొదలుపెట్టాడు. నర్సప్ప జీపు మెట్టు మీదే కూర్చుండిపోయి, బంతిపూల దండతో కళ్ళు తుడుచుకున్నాడు.

బీరమ్మ మాత్రం మెల్లగా ముందుకు వచ్చింది. "డెబ్బై నాలుగా? మొన్న ఉగాదికి నలభై అన్నవు గదరా భీమప్పా. తోడేలు తిన్నదంటివి. రోగమొచ్చిందంటివి. సచ్చిన గొర్లు అంగడి దినం నాడు ఊర్లెకెట్ల నడిచివొచ్చినయిరా?"

భీమప్ప ఆకాశం వైపు చూశాడు. ఆకాశంలో ఏమీ దొరకలేదు. బీరమ్మ కొడుకు వైపు తిరిగింది. నర్సప్ప ఆశగా లేచి నిలబడ్డాడు.

"నర్సిగా, పిల్లకు లెక్కలు బంగారమసొంటియి వచ్చినయి. రేపు పొద్దుగాల్నే పెద్దేముల్ పంపు. నా గొర్ల కాడ లెక్క తెల్సిన మనిషొకరు ఉండాలె."

నర్సప్పకు లోకం గిర్రున తిరిగింది. లెక్కలు రాకపోతే పోతుందనుకున్న పిల్ల లెక్కలు వచ్చినందుకే పోతున్నది. పాత పద్ధతిలోనే వదిలేస్తే ఏమయ్యేదో, కొత్తది ఎందుకు నేర్పానురా దేవుడా అని అక్కడే, అంత జనంలో, వలవలా ఏడ్చాడు. "అవ్వా, మాట తప్పకే! చెప్తే బడికి పంపుతనంటివి గదనే!"

"బడికి ఎందుకురా? రావలసింది వచ్చె గద!"

అప్పుడు భీమప్ప అడ్డం పడ్డాడు. "అక్కా! గింత సదువొచ్చిన పిల్లను గొర్ల పాలు జేస్తవా? మనసెట్ల ఒప్పుతున్నదే నీకు? సదువుకోనియ్! ఆరు గాదు, పది దాక సదువుకోనియ్! పట్నంల గూడ పెద్ద పెద్ద బడులున్నయంట, గక్కడికి పంపుదం. పుస్తకాలు నేను కొనిస్త. నీకంత అనుమానముంటె నెలకోపారి మందను నేనే గిక్కడికి తోలుకొస్త, లెక్కవెట్టుకో. పిల్లను మాత్రం పెద్దేముల్ దిక్కు రానియ్యకు, నీ కాళ్ళు వట్టుకుంట!"

ఆడపిల్లల చదువు మీద తాండూరులో అంత ఆవేశంగా అంతవరకూ ఎవరూ మాట్లాడలేదు. కాలేజీ పిల్లలు చప్పట్లు కొట్టి, నర్సప్ప మెడలోని దండ తీసి భీమప్ప మెడలో వేశారు. బీరమ్మ నెలనెలా మందను తోలుకురావాలని తమ్ముడి దగ్గర మాట తీసుకుని సరేనన్నది. ఎస్సై మాత్రం పద్ధతి ప్రకారం నర్సప్పను పొద్దుగూకేదాకా ఠాణాలో కూర్చోబెట్టాడు. మిల్లు సేటు, నాయకులను పనిలో పెట్టుకునే స్తోమత తనకు లేదని అక్కడికే కబురు పంపాడు.

వానలు పడ్డాక బడులు తెరిచారు. మొదటి రోజున అందరికంటే ముందు గేటు దగ్గరికి వచ్చినవాడు భీమప్ప; కాశమ్మ లోపలికి పోయి, ఆమె వెనక తలుపు మూసుకునేదాకా అతను అక్కడి నుంచి కదలలేదు.