ఉసేనమ్మ పిట్టగా వెళ్ళిన ఆదివారం

ఈ వసంతానికి బట్టమేక పిట్టగా మారాల్సింది చెల్లెలు ఉసేనమ్మేనని గడ్డిభూముల కార్యాలయం నుంచి కబురు రాగానే, మద్దమ్మ సంచి సర్దడం మొదలుపెట్టింది.

గడ్డిలో తిరిగే ఆ పెద్ద పిట్టలు, అసలైనవి, కనిపించక చాలా కాలమైంది. అయినా ఉగాది వెళ్ళగానే పట్నం నుంచి పక్షులు చూసేవాళ్ళు మెడలో బైనాక్యులర్లతో బస్సులో దిగుతారు. అంత దూరం వచ్చినవాళ్ళని ఊరికే పంపడం మర్యాద కాదు కనక, కార్యాలయం ఏటా ఊళ్ళో ఒకరిని పిట్టగా నియమిస్తుంది. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు తక్కువున్నవాళ్ళకి ప్రాధాన్యం. ఉసేనమ్మకి అక్క ఒక్కతే. అర్హత గురించి ఎవరికీ అనుమానం రాలేదు.

"దువ్వెన యాలక్కా? ఈకలు దువ్వుకోనా?" అని నవ్వింది ఉసేనమ్మ.

"అలవాటుగా పెట్టినాలే."

"రొట్టెలు గూడా తీసేయ్. ఆడ మిడతలుంటాయంట."

"మిడతలు నీకు పడవే! పైత్యం చేస్తాది," అని మద్దమ్మ రొట్టెల మూట సంచి అడుక్కి తోసింది.

ఆదివారం పొద్దున గడ్డి అంచున గార్డు లింగప్ప నియమాలు చదివాడు. కరెంటు తీగల దగ్గర తల వంచి ఎగరాలి. సంచి వెంట తీసుకుపోకూడదు. పిట్ట రాళ్ళకుప్ప దాటేలోపు అయినవాళ్ళు వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే మళ్ళీ మనిషైపోతుంది. ఈ వెసులుబాటు కార్యాలయం దయతో కల్పించింది. ఇంతవరకు ఎవరూ వాడుకోలేదు.

ఉసేనమ్మ చెప్పులు విడిచి గడ్డిలోకి నడిచింది. నాలుగడుగులకే మెడ పొడుగైంది, వీపు గోధుమ రంగుకి తిరిగింది. పట్నం వాళ్ళు ఊపిరి బిగబట్టారు. వాళ్ళలో ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకుని మద్దమ్మకి దణ్ణం పెట్టాడు.

"ఈ జన్మకి చూడలేననుకున్నానమ్మా. మీ చలవ."

మద్దమ్మకి కడుపు నిండినట్టయింది. చెల్లెలికి ఇంతమంది దణ్ణం పెట్టడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

రాళ్ళకుప్ప దగ్గర పిట్ట ఆగింది. ముందుకి చూస్తూనే నిలబడింది. చాలాసేపు నిలబడింది. మద్దమ్మ నోరు తెరిచింది.

"పిలుస్తావా పెద్దమ్మా?" అని లింగప్ప మెల్లగా అడిగాడు. "పిలువు, తప్పులేదు."

"ఛీ ఛీ! బయల్దేరినోళ్ళను ఎనకనుంచి పిలుస్తారా ఎవురన్నా? దానికి మంచిది గాదు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిట్ట ఇంకాసేపు చూసి రాళ్ళకుప్ప దాటింది. పిట్ట బెదరకుండా అందరూ చప్పుడు కాని చప్పట్లు కొట్టారు. ఇంత మర్యాద తెలిసిన ఊరు వేరే లేదని లింగప్ప కార్యాలయం తరఫున కృతజ్ఞతలు చెప్పాడు. బస్సులో మద్దమ్మకి కిటికీ పక్క సీటిచ్చి ఇంటి ముందే దింపారు. దిగుతూ ఆమె అందరికీ పేరుపేరునా దణ్ణం పెట్టింది.

ఉసేనమ్మ ఉగాది తర్వాతి ఆదివారం, ఎండ ముదరకముందే వెళ్ళింది. తిరిగి రాలేదు.