ప్రాసిక్యూటరు గారి వాఫుల్ పెనం

ఆ శనివారం పొద్దున బ్యూట్నర్ గారికి ఉన్న పనులు రెండే. జర్మనీలోని కార్ల్స్‌రూహె వయోజన విద్యాకేంద్రంలో దొంగతనం మీద పాఠం చెప్పాలి, భోజనం వేళకు ఇంటికి రావాలి. ప్రాసిక్యూటరుగా రిటైరైన దగ్గర్నుంచి ఆయన పేపర్లో వచ్చే కేసులు పట్టుకుని ఊళ్లోవాళ్లకు చట్టం, రాజ్యాంగం విడమరిచి చెబుతున్నారు. జీతం లేదు. కానీ ఆ తరగతే లేకపోతే ఆయన్ని ఇంట్లో భరించడం ఎవరి తరమూ కాదు. ఈ సంగతి అందరికంటే ఆయన భార్య అన్నెగ్రెట్‌కే బాగా తెలుసు.

అలాంటి తరగతికి గండం వచ్చిపడింది. పాఠాలు చప్పగా ఉంటున్నాయని, సగంమంది కునుకు తీస్తున్నారని ఎవరో పుణ్యాత్ములు ఫిర్యాదు చేశారు. నిర్వాహకురాలు శ్రీమతి ఓబర్లె ఆ రోజు స్వయంగా వచ్చి వింటానన్నారు. నచ్చకపోతే ఆ గది యోగా వాళ్లకు ఇచ్చేస్తారు.

"ఏదైనా వస్తువు చూపించి చెప్పండి. ఊరికే సెక్షన్లు చదివితే నాకే నిద్రొస్తుంది," అని అన్నెగ్రెట్ గుమ్మంలో నిలబడి హితవు చెప్పింది.

ఆ వారం పేపర్లో కేసు ఒక సైకిలుది. ఎవరో ఇంటి ముందు "కావలసినవాళ్లు తీసుకోండి" అని రాసి ఒక పెట్టె పెట్టారు. దాని పక్కనున్న సైకిలు కూడా ఉచితమే అనుకుని ఒకాయన ఎక్కి తొక్కుకుపోయాడు. ఆ కేసే తలుచుకుంటూ నడుస్తున్న బ్యూట్నర్ గారికి పక్కింటి జ్విక్ దంపతుల గోడ దగ్గర అలాంటి పెట్టే కనిపించింది. పెట్టెలో పాత పుస్తకాలు, మూత పోయిన టీ కూజా. గోడ మీద బరువైన ఇనప వాఫుల్ పెనం, గళ్లగళ్ల తీపి అట్లు కాల్చేది. అక్కర్లేని సామాను అలా బయట పెట్టడం ఆ వీధిలో మామూలే. ఆయన బెల్ కొట్టలేదు. పెనం తీసి సంచిలో వేసుకున్నారు.

తరగతిలో దాన్ని బల్ల మీద పెట్టి పాఠం మొదలుపెట్టారు. ముందు వరసలో రూడి జ్విక్ ఎప్పటిలాగే కూర్చున్నాడు. పక్కన భార్య హెడ్విగ్ కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. రూడి పెనం వైపు ఒకసారి చూసి, తర్వాత కిటికీ వైపు తిరిగిపోయాడు. ఇంటాయనే ఏమీ అనలేదు కాబట్టి అది ఉచితమేనని బ్యూట్నర్ గారికి రూఢి అయిపోయింది. ఇక సైకిలు మనిషిని ఉతికి ఆరేశారు.

"'ఉచితమనుకున్నానండీ' అంటాడు. నా సర్వీసంతా ఈ మాటే విన్నాను. బుద్ధున్నవాడైతే బెల్ కొట్టి అడగడా?"

అందరూ నవ్వారు. వెనక వరసలో ఓబర్లె గారు కూడా నవ్వారు. ఆ ఊపులో ఆయన ఇంకో ముక్క కలిపారు. తెలియక తీసుకున్నవాడు దాచడట, దాచాడంటే వాడు దొంగేనట. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"ఏమండీ, జ్విక్ వాళ్లింట్లో దొంగలు పడ్డారట," అంది అన్నెగ్రెట్. "హెడ్విగ్ వాళ్లమ్మ వాఫుల్ పెనం పోయిందట. పోలీసుల దగ్గరికి వెళ్లేముందు మిమ్మల్నే ఓ మాట అడుగుతానని అక్కడికే వస్తోంది."

గోడ మీద దొరికినదానికి ఇంట్లో దొంగలు పడటమేమిటో ఆయనకు అర్థం కాలేదు. బుర్ర పనిచెయ్యడం మానేసింది, చెయ్యి మాత్రం మానలేదు. పెనం సంచిలోకి వెళ్లిపోయింది, పైన కోటు పడింది.

"సార్, పెనం దాచేశారేంటి?" అని రిటైరైన ట్రామ్ డ్రైవరు కున్జ్ అడిగాడు.

దానితో పని అయిపోయిందన్నారు. ఇంకా మొదలే కాలేదు కదా అన్నాడు కున్జ్. అయితే కాఫీ విరామం అని ప్రకటించి, ఆయన సంచి భుజాన వేసుకుని తలుపు వైపు నడిచారు. తలుపులో హెడ్విగ్ ఎదురైంది.

ఆవిడ రొప్పుతూనే గోడు వెళ్లబోసుకుంది. అలమారలో పెట్టిన పెనం మాయమైందని, అది తల్లి గుర్తని, ఆ దొంగకు ఎన్నేళ్ల శిక్ష పడుతుందో చెప్పమని నిలదీసింది. బ్యూట్నర్ గారు గొంతు సవరించుకున్నారు. నేరం రుజువయ్యేదాకా ఎవరైనా నిర్దోషేనని, అది రాజ్యాంగం మాటని చెప్పారు. ఉచితమని నిజంగా నమ్మి తీసుకుంటే అసలది దొంగతనమే కాదన్నారు.

"మరి ఇందాక సైకిలాయన ఆ మాటే అన్నాడని ఎగతాళి చేశారు కదా సార్," అన్నాడు కున్జ్.

ఆ మాటకు ఆయన గిర్రున వెనక్కి తిరిగారు. సంచి పట్టీ తెగింది. పెనం నేల మీద పడి గది దద్దరిల్లింది. ఎవరూ కునుకు తీయడం లేదు.

"మీరు నోరు విప్పక్కర్లేదు సార్. తన మీద తనే సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదని పోయినవారం మీరే చెప్పారు," అని కున్జ్ జాలిగా గుర్తుచేశాడు.

బ్యూట్నర్ గారికి తల కొట్టేసినట్టయింది. అయినా నోరు విప్పారు.

"గోడ మీద ఉందమ్మా. ఉచితమనుకున్నాను."

గది గొల్లుమంది. హెడ్విగ్ మాత్రం నవ్వలేదు.

"గోడ మీదెందుకుంటుంది? అలమారలో కదా పెట్టాను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే."

అందరి తలలూ ముందు వరస వైపు తిరిగాయి. రూడి ఇంకా కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

"నేను మౌనంగా ఉండే హక్కు వాడుకుంటున్నాను," అన్నాడు.

"రూడీ."

"ప్రతి ఆదివారం వాఫుల్సే హెడ్విగ్. పెళ్లైన దగ్గర్నుంచీ. ఇక నా వల్ల కాదు."

బ్యూట్నర్ గారికి ప్రాణం లేచొచ్చింది. దొంగ మారగానే ఆయనకు చట్టమంతా గుర్తొచ్చింది. భార్య సొత్తును భర్త దానం చెయ్యడానికి వీల్లేదన్నారు. కాకపోతే ఒకే ఇంట్లోవాళ్లు ఇలాంటి పని చేస్తే, సొత్తు పోయినవాళ్లు కోరితేనే కేసు ఉంటుందని వివరించారు.

"కోరడానికి గడువెంత?" అంది హెడ్విగ్.

"మూడు నెలలమ్మా."

ఆవిడ పెనం ఎత్తుకుని, వెళ్లి తన కుర్చీలో కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. ఆలోచించి చెబుతానంది.

విరామంలో ఓబర్లె గారు వచ్చి బ్యూట్నర్ గారి చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఇంత సహజంగా నటించే మనుషుల్ని ఎక్కడ పట్టుకొచ్చారని అడిగారు. యోగా వాళ్లు ఇంకో గది చూసుకుంటారట, తరగతి ఇంకో ఏడాది సాగుతుందట. బ్యూట్నర్ గారు జీవితంలో మొదటిసారి మౌనంగా ఉండే హక్కు వాడుకున్నారు.

ఆ మూడు నెలలూ రూడి ప్రతి ఆదివారం వాఫుల్స్ తిన్నాడు, అడక్కుండానే మారు వడ్డించుకుని మరీ.